ఈసీఆర్ కాకుండా: అడయార్ వెంట పైకి, కూవం వెంట కిందికి, 80 కి.మీ. లూప్

ఫ్రీవీల్ | గురువారం, రాత్రి 9:12

అందరికీ నమస్తే. సంక్రాంతి అయ్యాక మా బావ గుంటూరు నుంచి వస్తున్నాడు, సైకిల్ కూడా రైల్లో వేసుకుని. పోయినసారి అందరిలాగే ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద మహాబలిపురం తీసుకెళ్ళాను. వెళ్ళేటప్పుడు సముద్రం ఎడమ పక్క, వచ్చేటప్పుడు కుడి పక్క, అంతే తేడా. ఈసారి మళ్ళీ అదే అంటే ఊరుకోడు.

చెన్నై మ్యాపు ముందేసుకుని ఒక లూప్ గీశాను. బీసెంట్ నగర్‌లో మొదలు. సైదాపేట, పరంగిమల (సెయింట్ థామస్ మౌంట్), పల్లావరం, తిరునీర్మలై, అనకాపుత్తూరు, కుండ్రత్తూరు, చెంబరంబాక్కం చెరువు. అక్కణ్ణుంచి తిరుమళిసై, పూందమల్లి, తిరువేర్కాడు, కోయంబేడు, చేత్‌పట్, నేపియర్ వంతెన, మెరీనా, ఇల్లు. 75 నుంచి 80 కి.మీ. తేలుతోంది. పోయేటప్పుడు అడయార్ నది, వచ్చేటప్పుడు కూవం నది తోడుంటాయని ఆశ.

దారి ఎలా ఉంటుంది? ఎక్కడ ఆగాలి, ఎక్కడ ఆగకుండా పోవాలి? శ్రీపెరుంబుదూరు కలిపితే బాగుంటుందా? బావకి చరిత్ర పిచ్చి. దారిలో పాత రాయి కనబడితే చాలు, దిగిపోతాడు. సైకిళ్ళు రెండూ హైబ్రిడ్, 35 మి.మీ. టైర్లు.


52_పళ్ళ_చక్రం | గురువారం, రాత్రి 9:40

ఇది లూప్ కాదు సార్, సిగ్నళ్ళ దండ. పల్లావరం నుంచి కుండ్రత్తూరు దాకా గంటకి 15 దాటదు. అంత ముచ్చటగా ఉంటే ఔటర్ రింగ్ రోడ్డు సర్వీసు రోడ్డు పట్టుకోండి. వండలూరు నుంచి మీంజూరు దాకా 62 కి.మీ. సాఫీగా పోవచ్చు. గుళ్ళు తర్వాతైనా ఉంటాయి.


గట్టు_మీద | గురువారం, రాత్రి 10:25

రింగ్ రోడ్డు మీద చూడటానికి రింగ్ రోడ్డు తప్ప ఏముంది గురువుగారూ.

ఫ్రీవీల్ గారూ, ఈ దారిలో నేను తరచూ తిరుగుతుంటాను. ముక్కలు ముక్కలుగానూ, మొత్తంగానూ. ఒక మాట ముందే చెప్పాలి. మ్యాపులో నీలం గీత చూసి నది పక్కనే సైకిల్ దారి ఉందనుకోకండి. అడయార్ వంతెనల దగ్గర కనిపిస్తుంది, మళ్ళీ ఇళ్ళ వెనక్కి పోతుంది. కూవం అయితే కనిపించే ముందే తెలుస్తుంది, ముక్కుకి. నది దారి అంటే మన ఊళ్ళో ఇంతే. అయినా ఈ రెండు నదుల్నీ ఒక పూటలో చూడటం మంచి ఆలోచన. ఎందుకంటే ఈ నగరం మొత్తం వీటి మధ్యనే సర్దుకుని కూర్చుంది.

మొదలు బీసెంట్ నగర్ అన్నారు కదా, ఒక్క అర కిలోమీటరు ఉత్తరానికి పోయి విరిగిన వంతెన దగ్గర మొదలుపెట్టండి. 1967లో కట్టారు, 1977లో కూలింది. సగం వంతెన నది మీదికి చాచి అక్కడే ఆగిపోయింది. తెల్లారేముందు జాలర్లు వల వేస్తూ ఉంటారు. అడయార్ సముద్రంలో కలిసే చోటు అది. అక్కణ్ణుంచి చెరువు దాకా పోతున్నామంటే నదికి ఈ కొసన మొదలుపెట్టినట్టు లెక్క.

సైదాపేటలో మరైమలై అడిగళ్ వంతెన. దీని ముందు ఇక్కడ ఉన్నది మార్మలాంగ్ వంతెన. 1726లో ఆర్మీనియా వర్తకుడు కోజా పెట్రస్ ఉస్కాన్ సొంత డబ్బుతో కట్టించాడు. పాత వంతెన పోయింది గానీ సైదాపేట వైపు శాసనఫలకం మిగిలింది. ఆర్మీనియన్, పర్షియన్, లాటిన్, మూడు భాషల్లో రాసి ఉంది. బస్సుల పొగలో ఎవరూ తిరిగి చూడరు. పరంగిమల మీదికి మెట్లు వేయించినది కూడా ఈయనే. అంటే మీరు వంతెన దాటి కొండ ఎక్కుతుంటే ఒకే మనిషి డబ్బు మీద ప్రయాణం చేస్తున్నట్టే.

కొండ ఎత్తు 300 అడుగులకి అటూఇటూ. వెనకవైపు రోడ్డుంది, సైకిల్‌తోనే ఎక్కొచ్చు. చివరి మలుపు నిటారుగా ఉంటుంది, గేర్ ముందే మార్చుకోవాలి. మలుపులో మారుద్దామంటే గొలుసు జారిపోయి కాలు కింద పెట్టేస్తారు. పైన 16వ శతాబ్దపు పోర్చుగీసు చర్చి, అందులో పహ్లవీ (పాత పర్షియా లిపి) అక్షరాలున్న రాతి శిలువ. చర్చి తెరవకపోయినా పైనుంచి విమానాశ్రయం, అవతల పల్లావరం కొండలు కనిపిస్తాయి. బావగారిని అక్కడే ఒక పావుగంట కూర్చోబెట్టండి. విలియం లాంబ్టన్ 1802 ఏప్రిల్ 10న భారతదేశాన్ని కొలవడానికి తొలి ఆధారరేఖ మొదలుపెట్టింది ఈ కొండ దగ్గరే. సుమారు 12 కి.మీ. గీతని 100 అడుగుల ఉక్కు గొలుసుతో కొలవడానికి 57 రోజులు పట్టింది. ఆ కొలతలే పెరిగి పెరిగి హిమాలయాల దాకా పోయాయి.

కుండ్రత్తూరు దాటాక సంగతి రేపు రాస్తాను. నిద్రొస్తోంది.


పంక్చర్_పంతులు | గురువారం, రాత్రి 11:03

చరిత్ర ఆయన చెప్తారు, ముళ్ళ సంగతి నేను చెప్తా.

చెంబరంబాక్కం చుట్టూ సీమ తుమ్మ. ఆ ముల్లు 35 టైరుని కూడా సూదిలా దాటుతుంది. పైగా గట్టు కింద మట్టి దారిలో పల్లేరు కాయలు. కాబట్టి మట్టిలో దిగి బయటికొచ్చిన ప్రతిసారీ టైరుని చేత్తో తిప్పుతూ గ్లవ్ వేసుకున్న అరచెయ్యి ఆనించండి. గుచ్చుకుని ఉన్నది ట్యూబు దాకా పోకముందే రాలిపోతుంది. ఇద్దరికీ రెండేసి ట్యూబులు, ఒక పంపు, ప్యాచ్ కిట్. ట్యూబు మార్చేముందు టైరు లోపల వేలు పెట్టి ముల్లు వెతికి తియ్యండి. చాలామంది కొత్త ట్యూబు వేసి అదే ముల్లుతో మళ్ళీ పేల్చుకుంటారు, తర్వాత సైకిల్ షాపుని తిడతారు.


సైదాపేట_కోడలు | శుక్రవారం, ఉదయం 6:30

మా వీధి పేరు వినగానే వచ్చేశాను. వంతెన దాకా వచ్చి వడకర్రి తినకుండా పోతే నేరం. శనగపప్పు వడలు చిదిమి మసాలాలో ఉడికించిన కూర, ఇడ్లీతో గానీ సెట్ దోసెతో గానీ. పొద్దున అయిదింటికి దొరకదు, ఆరున్నరకి వేడివేడిగా దించుతారు. మరి మీరు అయిదున్నరకే వంతెన దాటేస్తే ఎలా?

ఇంకో సంగతి. మేం ఆడవాళ్ళం ముగ్గురం కలిసి ఇలాంటి లూప్ చెయ్యాలని చాన్నాళ్ళుగా అనుకుంటున్నాం. పల్లావరం దాటాక టాయిలెట్లు ఎక్కడ? తెల్లారేముందు కుక్కలు? మగవాళ్ళు రూట్ రాసేటప్పుడు ఈ రెండూ ఎందుకో రాయరు.


గట్టు_మీద | శుక్రవారం, ఉదయం 8:15

కోడలమ్మా, అడగాల్సిన ప్రశ్నే. టాయిలెట్లకి పెట్రోలు బంకులే దిక్కు. పమ్మల్ రోడ్డులోనూ, పూందమల్లి హైవే మీదా ఉన్నాయి. పెద్ద బంకులైతే కాస్త నయం. చెరువు చుట్టుపక్కల మాత్రం ఏమీ లేదు, కాబట్టి కుండ్రత్తూరులోనే పని చూసుకుని కదలాలి. కుక్కలు అనకాపుత్తూరు సందుల్లో ఎక్కువ. తొక్కుతూ పారిపోతే వెంటపడతాయి. దిగి, సైకిల్‌ని మీకూ వాటికీ మధ్య పెట్టుకుని నాలుగడుగులు నడిస్తే వాటికే విసుగొచ్చి పోతాయి. ముగ్గురుంటే ఇబ్బంది లేదు. తెల్లారాకే పల్లావరం దాటేలా చూసుకోండి.

ఇక మిగతా దారి. పరంగిమల దిగాక జీఎస్టీ (గ్రాండ్ సదరన్ ట్రంక్) రోడ్డు మీద ఆగే పనిలేదు, తల దించుకుని తొక్కడమే. పల్లావరంలో కుడికి తిరిగితే తిరునీర్మలై. చిన్న కొండ, మీద రంగనాథుడు, కింద నీర్వణ్ణన్. నిలుచున్న, కూర్చున్న, పడుకున్న, నడుస్తున్న నాలుగు భంగిమల్లోనూ పెరుమాళ్ళు ఒకేచోట ఉన్న దివ్యదేశం. తిరుమంగై ఆళ్వారు వచ్చినప్పుడు కొండ చుట్టూ నీళ్ళు నిండిపోయి ఉంటే, అవి దిగేదాకా ఆరు నెలలు కాచుకుని దర్శనం చేసుకున్నాడని స్థలపురాణం. పురాణం అని తీసిపారెయ్యకండి. చెంబరంబాక్కం మిగులు నీళ్ళు అడయార్‌లో కలిసేది ఈ ప్రాంతంలోనే. 2015 డిసెంబర్ వరదలో ఈ చుట్టుపక్కల ఇళ్ళ గోడల మీద నీటి చార ఎంత ఎత్తున పడిందో స్థానికులు చేత్తో చూపిస్తారు.

అక్కణ్ణుంచి పమ్మల్ మీదుగా అనకాపుత్తూరు. తోళ్ళ పరిశ్రమ వాసన కొంచెం దూరం వెంట వస్తుంది. అనకాపుత్తూరు నేతగాళ్ళ ఊరు. ఇక్కడ నేసిన గళ్ళ బట్ట 'రియల్ మద్రాస్ హ్యాండ్‌కర్చీఫ్' పేరుతో నైజీరియాకి ఓడలెక్కింది. మన చీరాలలో నేసిందీ ఇదే సరుకు. ఇప్పుడు అరటి నార కలిపిన చీరలు నేస్తున్నారు. మెయిన్ రోడ్డు వదిలి లోపలి వీధిలోకి పోతే మగ్గం చప్పుడు వినిపించే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. కిటికీలోంచి తొంగిచూసే ముందు పలకరించండి, వాళ్ళే లోపలికి రమ్మంటారు.

తర్వాత అడయార్ దాటితే కుండ్రత్తూరు. రెండో కుళోత్తుంగ చోళుడి దగ్గర మంత్రిగా ఉండి పెరియపురాణం (శివభక్తులైన నాయన్మార్ల కథలు) రాసిన శేక్కిళార్ పుట్టిన ఊరు. ఆయన కట్టించిన నాగేశ్వరుడి గుడి ఊళ్ళో ఉంది. కొండ మీద మురుగన్ గుడికి మాత్రమే పోయి దీన్ని వదిలేస్తారు అందరూ.


ఫ్రీవీల్ | శుక్రవారం, మధ్యాహ్నం 1:20

భలే ఉంది. అంటే అడయార్ పుట్టేచోటైన చెంబరంబాక్కం చేరడానికి కుండ్రత్తూరు నుంచి ఎంత దూరం?


ముడిచూరు_వాసి | శుక్రవారం, మధ్యాహ్నం 2:05

దూరం ఏడెనిమిది కిలోమీటర్లు, కానీ అడయార్ పుట్టేది అక్కడ కాదండీ. పేపర్లలో కూడా అలాగే రాసేస్తుంటారు. నది ఆదనూరు చెరువు దగ్గర, మణిమంగళం ప్రాంతంలో మొదలవుతుంది. మా ముడిచూరు పక్కనుంచే పోతుంది. చెంబరంబాక్కం నుంచి వచ్చేది మిగులు కాలువ, అది తిరునీర్మలై దగ్గర వచ్చి కలుస్తుంది. మొత్తం నది పొడవు 42 కి.మీ. అంటే అందులో సగం మీ లూప్‌లో కనబడనే కనబడదు.

ఇది పట్టుదల కోసం చెప్పడంలేదు. 2015లో చెంబరంబాక్కం నుంచి 29,000 క్యూసెక్కులు వదిలారని అందరూ ఆ ఒక్క గేటునే తిట్టారు. మా వైపు చెరువులు ఒకదాని వెంట ఒకటి పొంగి, తెగి, ఆ నీరంతా అదే నదిలో పడింది. ముడిచూరు మునిగింది అందుకే. నది ఎక్కణ్ణుంచి వస్తోందో తెలియకపోతే వరద ఎక్కణ్ణుంచి వచ్చిందో కూడా తెలియదు.

చరిత్ర పిచ్చి ఉన్న బావగారికైతే నా సలహా: పల్లావరం తర్వాత తాంబరం, ముడిచూరు, మణిమంగళం మీదుగా శ్రీపెరుంబుదూరు పోండి. పల్లవ నరసింహవర్మ చాళుక్య రెండో పులకేశిని ఓడించిన యుద్ధాల్లో ఒకటి మణిమంగళంలో జరిగింది. కూరం తామ్రశాసనంలో ఊరి పేరుంది. ఆ గెలుపు తర్వాతే పల్లవులు చాళుక్యుల రాజధాని వాతాపి దాకా పోయారు. ఇప్పుడక్కడ చోళుల కాలపు గుళ్ళు, చెరువు, మేకలు, ఆదివారం పొద్దున క్రికెట్. శ్రీపెరుంబుదూరు 1017లో రామానుజులు పుట్టిన ఊరు అని చెప్పక్కర్లేదుగా. మొత్తం 105 కి.మీ. దాకా అవుతుంది.


52_పళ్ళ_చక్రం | శుక్రవారం, సాయంత్రం 4:48

శ్రీపెరుంబుదూరు నుంచి పూందమల్లి దాకా హైవే మీద కంటైనర్ లారీలు వరసకట్టి ఉంటాయి. ఫ్యాక్టరీ షిఫ్టు బస్సులు వేరు. గుంటూరు బావకి అది చూపించాలా? వంద కిలోమీటర్ల కోసం ఆశపడొద్దు. నేను వేగం మనిషినే, కానీ ఆ హైవే మీద వేగంగా పోవడం నాకే ఇష్టంలేదు. 80 దగ్గర ఆపండి.

ఇంకో ప్రశ్న. ఎందుకు సవ్యదిశలో పోతున్నారు? మనది ఎడమ పక్క ట్రాఫిక్. లూప్ ఎడమకి తిరిగేలా వేసుకుంటే సిగ్నళ్ళ దగ్గర చాలాచోట్ల ఎదురు చూడక్కర్లేదు. ముందు కూవం, తర్వాత అడయార్ పెట్టుకోండి.


అన్నానగర్_అబ్బాయి | శుక్రవారం, సాయంత్రం 5:30

అన్నా, పొద్దున అయిదింటికి కోయంబేడు చూశారా ఎప్పుడైనా? కూరగాయల లారీలు, పూల వ్యాన్లు, మూటలు మోసే తోపుడు బండ్లు, మధ్యలో అరటి ఆకుల మీద జారే బైకులు. కోయంబేడు తొమ్మిదిన్నర తర్వాతే సైకిల్‌కి దారిస్తుంది. అడయార్ ముందు, కూవం తర్వాత. ఇందులో రెండో మాట లేదు.


52_పళ్ళ_చక్రం | శుక్రవారం, సాయంత్రం 5:52

మరి గాలి? పదకొండు దాటితే సముద్రపు గాలి మొదలు. ఎదురుగాలిలో తూర్పుకి రావాలి.


గట్టు_మీద | శుక్రవారం, సాయంత్రం 6:10

ఎటు తిరిగినా పొద్దున పడమరకి, తర్వాత తూర్పుకే కదా. బీసెంట్ నగర్‌లో ఇల్లున్నవాడికి ఎదురుగాలి రాసిపెట్టి ఉంది. పదకొండులోపు నుంగంబాక్కం దాటేలా చూసుకోవడమే ఉపాయం.


కండలేరు | శుక్రవారం, రాత్రి 9:35

నెల్లూరు జిల్లా వాణ్ణి, ఇరవై ఏళ్ళ పైబడి అంబత్తూరులో ఉద్యోగం. చెంబరంబాక్కం అంటే మీకందరికీ వరద గుర్తొస్తుంది, నాకు మా ఊరు గుర్తొస్తుంది. ఎందుకో చెప్తాను, కాస్త పెద్దదే.

ఆ చెరువులో నిలిచే 3,645 మిలియన్ ఘనపుటడుగుల నీళ్ళలో వాన నీళ్ళతో పాటు కృష్ణ నీళ్ళు కూడా ఉంటాయి. 1983 ఏప్రిల్‌లో ఎన్టీఆర్, ఎంజీఆర్ హయాంలో తెలుగుగంగ ఒప్పందం కుదిరింది. మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్ర తలా 5 టీఎంసీలు వదులుకోవాలి. ఆ 15లో దారి నష్టం 3 పోగా 12 మద్రాసుకి చేరాలి. నీళ్ళు శ్రీశైలం నుంచి పోతిరెడ్డిపాడు దగ్గర బయల్దేరి వెలుగోడు, బ్రహ్మంసాగర్, సోమశిల, మా కండలేరు దాకా వస్తాయి. కండలేరు నుంచి సరిహద్దు దాకా 152 కి.మీ. కాలువ. ఊత్తుకోట దగ్గర 'జీరో పాయింట్' అనే చోట తమిళనాడులో అడుగుపెట్టి, ఇంకో 25 కి.మీ. పోయి పూండి జలాశయంలో పడతాయి. పూండి నుంచి లింకు కాలువ మీద చెంబరంబాక్కం. మొదటిసారి నీళ్ళొచ్చింది 1996లో. కానీ మట్టి కాలువ కావడంతో చాలా నీరు దారిలోనే ఇంకిపోయేది, గట్లు తెగేవి. సత్యసాయి ట్రస్టు డబ్బుతో కాలువకి మళ్ళీ లైనింగ్ వేశాకే ప్రవాహం నిలబడింది.

చిన్నప్పుడు మా ఊరి పక్కన ఆ కాలువ తవ్వుతుంటే 'మన నీళ్ళు మద్రాసుకి పోతున్నాయట' అని పెద్దవాళ్ళు రచ్చబండ మీద వాదించుకునేవాళ్ళు. ఇప్పుడు నేను ఈ కొసన కుళాయి తిప్పుతున్నాను. ఎవరి వైపు మాట్లాడాలో నాకే తెలియదు. మీ బావ గుంటూరు వాడన్నారు కాబట్టి చెప్తున్నా, గట్టు దగ్గర నిలబడి ఇందులో కృష్ణ ఉంది అని ఒక్క మాట చెప్పండి. ప్రకాశం బ్యారేజి దగ్గర చూసే నదే.

గట్టు సంగతి: మీదికి ఎప్పుడు పోనిస్తారో ఒక పద్ధతంటూ లేదు. కాపలా మనిషి ఉంటే అడగండి, వద్దంటే వాదించకండి. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా నీళ్ళు నిండుగా ఉన్నప్పుడు అసలు అడగనే వద్దు. కింద రోడ్డు మీద పోయినా గట్టు వాలు పక్కనే ఉంటుంది. పూర్తి మట్టం 24 అడుగులు. జనవరిలో నిండుగా ఉంటే కొంగలు, నీటికాకులు బాగా కనిపిస్తాయి.


ఫ్రీవీల్ | శుక్రవారం, రాత్రి 10:20

కండలేరు గారూ, ఇది బావకి ముందే చెప్పను, అక్కడే చెప్తాను. మొహం చూడాలి.


పాతరాళ్ళు | శనివారం, ఉదయం 7:05

ఇంతమంది రాశారు, పల్లావరాన్ని మాత్రం 'తల దించుకుని తొక్కండి' అని వదిలేశారు. నాకు ఒళ్ళు మండింది.

1863 మే 30న రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భ సర్వే ఉద్యోగి పల్లావరం పరేడ్ గ్రౌండ్ దగ్గర ఎర్రటి గులకమట్టి గుంటలో ఒక రాతి చేతిగొడ్డలి ఏరాడు. భారతదేశంలో పాతరాతియుగం మనిషి ఉన్నాడని గుర్తుపట్టిన తొలి పనిముట్టు అది. అప్పటిదాకా ఈ దేశంలో అంత పాత మనిషి జాడ ఎవరూ గుర్తించలేదు. ఆ గుంట ఇప్పుడు లేదు, బోర్డు కోసం వెతక్కండి. కానీ జీఎస్టీ రోడ్డు మీద బస్సు హారన్ వింటూ అక్కడ ఆగి ఎర్రమట్టి ఎక్కడైనా కనిపిస్తుందేమో చూడటం నాకు సరదా.

అదే సంవత్సరం సెప్టెంబర్‌లో ఆయనే విలియం కింగ్‌తో కలిసి పూండి దగ్గరి అత్తిరంపాక్కంలో ఇంకా పెద్ద నిల్వ కనిపెట్టాడు. అక్కడి పనిముట్లలో పాతవి 15 లక్షల ఏళ్ళ నాటివని 2011లో తేలింది.

ఇంకోటి, రాయి. పల్లావరం కొండల్లో నీలం నలుపు కలిసినట్టుండే గట్టి రాయి. కలకత్తాలో జాబ్ చార్నాక్ సమాధి మీద వేసిన పలక ఇక్కణ్ణుంచి పోయిన రాయే. దాన్ని పరిశీలించి 1893లో థామస్ హాలండ్ ఈ జాతి రాయికి చార్నొకైట్ అని పేరు పెట్టాడు. సమాధిలో ఉన్నవాడి పేరు మద్రాసు కొండకి వచ్చింది. బావగారు తప్పకుండా దిగుతారు.

మూడోది, మొదటి మహేంద్రవర్మ తొలిపించిన గుహాలయం. లోపల ఆయన బిరుదులు చెక్కి ఉన్నాయి, వాటిలో కొన్ని తెలుగువి. ఆ గుహ ఇప్పుడు దర్గాగా ఉంది. చెప్పులు విడిచి, అనుమతి అడిగి, ప్రార్థన వేళ కాకుండా చూసుకుని పోవాలి. ఫోటోల కోసం హడావిడి చెయ్యొద్దు.


52_పళ్ళ_చక్రం | శనివారం, ఉదయం 7:40

ఇంత చదివాక మీరు 80 కి.మీ. ఎన్నింటికి పూర్తి చేస్తారో నాకు టెన్షన్‌గా ఉంది. ప్రతి రాయి దగ్గరా పావుగంట అంటే పూందమల్లిలోనే మధ్యాహ్నం భోజనం.


పాతరాళ్ళు | శనివారం, ఉదయం 7:52

పూందమల్లిలో భోజనం తప్పేముంది? తెలుగువాళ్ళు అక్కడ ఒక పూట ఆగాల్సిందే. 1639లో మద్రాసు నేలని ఇంగ్లీషువాళ్ళకి ఇచ్చిన దామెర్ల సోదరుల్లో వెంకటప్ప వందవాసిలో ఉంటే, తమ్ముడు అయ్యప్ప నాయకుడు పూందమల్లి నుంచే తీరప్రాంతం వ్యవహారాలు చూసేవాడు. వాళ్ళ నాన్న చెన్నప్ప పేరు మీదే చెన్నపట్నం. రామానుజుల గురువుల్లో ఒకరైన తిరుక్కచ్చి నంబి పుట్టిన ఊరు కూడా ఇదే, వరదరాజ పెరుమాళ్ గుడి చూడొచ్చు. అంతకు ముందే తిరుమళిసై వస్తుంది, తిరుమళిసై ఆళ్వారు ఊరు. ఆళ్వార్లు, ఆచార్యులు ఈ పడమటి శివార్లలో ఇంతమంది ఎలా పుట్టారో గానీ, ఇప్పుడు ఆ ఊళ్ళ పేర్లు బస్సు బోర్డుల మీదే చదువుతున్నాం.


అన్నానగర్_అబ్బాయి | శనివారం, ఉదయం 10:30

కూవం వైపు నేను చెప్తా, ఈ వారమే తిరిగొచ్చా. తిరువేర్కాడులో కరుమారి అమ్మవారి గుడి దగ్గర ఆదివారం జనం బాగా ఉంటారు, సైకిల్ దిగి నడిపించండి. మదురవాయల్ నుంచి పోర్టు దాకా వేసే ఎలివేటెడ్ రోడ్డు పనులు నది వెంటే. స్తంభాలు నదిలోనే లేచాయి. దుమ్ము, తవ్విన గుంటలు, అడ్డంగా ఇనుప రేకులు. కళ్ళద్దాలు తప్పనిసరి. కోయంబేడు దాటాక పూందమల్లి హై రోడ్డు వదిలేసి అన్నానగర్ లోపలి వీధులు, షెనాయ్ నగర్, చేత్‌పట్ అలా రండి. చెట్ల నీడ ఉంటుంది.

నేపియర్ వంతెన గురించి ఎవరూ రాయలేదు. 1869లో కట్టారు, గవర్నర్ నేపియర్ పేరు. 2022 చెస్ ఒలింపియాడ్‌కి మొత్తం నలుపు తెలుపు గళ్ళు వేస్తే ఊరంతా సెల్ఫీలకి పోయింది. ఆ వంతెన మీద ఆగితే కూవం సముద్రంలో కలిసే చోటు కనిపిస్తుంది. ఇసుక మేట వేసి నోరు మూసుకుపోతే ప్రొక్లెయిన్ పెట్టి తవ్వుతుంటారు.


సైదాపేట_కోడలు | శనివారం, మధ్యాహ్నం 12:15

నా లెక్క ఇది. మేం ముగ్గురం మొత్తం చెయ్యం. సైదాపేట నుంచి చెంబరంబాక్కం పోయి, అదే దారిలో వెనక్కి వచ్చేస్తాం, ఆరున్నరకి వడకర్రి తిని బయల్దేరి. కూవం దుమ్ము మాకొద్దు. అనకాపుత్తూరులో చీరలు చూడాలి. కొన్న చీర సైకిల్ మీద ఎలా తేవాలో పంతులుగారు చెప్పాలి.


పంక్చర్_పంతులు | శనివారం, మధ్యాహ్నం 12:40

వెనక క్యారియర్ మీద పెట్టకండి, గొలుసు నూనె ఎగిరి అంచు పాడవుతుంది. ప్లాస్టిక్ కవర్లో చుట్టి వీపు సంచిలో. రెండు చీరలైతే వీపు చెమట కూడా లెక్కేసుకోండి.


ముడిచూరు_వాసి | శనివారం, మధ్యాహ్నం 1:10

మణిమంగళం ఎవరికీ పట్టలేదు. సరే, దానికి వేరే రోజు పెడదాం. తాంబరం స్టేషన్ దగ్గర కలిసి ఆదనూరు చెరువు దాకా పోయి రావచ్చు, లారీలు లేకుండా. నది అసలు మొదలు చూపిస్తాను.


ఫ్రీవీల్ | శనివారం, రాత్రి 8:45

అందరికీ థాంక్స్. ఖాయం చేసింది ఇది: శ్రీపెరుంబుదూరు వద్దు. సవ్యదిశే. విరిగిన వంతెన దగ్గర 5 గంటలకి మొదలు, వడకర్రి మాత్రం తిరిగొచ్చిన మర్నాడు వేరేగా వచ్చి తింటాం. కొండ, పల్లావరం గుహ, అనకాపుత్తూరు, నాగేశ్వరుడి గుడి, చెరువు గట్టు, ఈ అయిదు చోట్లే దిగుతాం. మిగతావి సైకిల్ మీద నుంచే చూపిస్తాను. పూందమల్లి చేరేసరికి పదిన్నర దాటితే బావని, సైకిళ్ళని కలిపి చిన్న వ్యాన్‌లో ఎక్కించి ఇంటికి. ఈ మాట బావకి చెప్పొద్దు, ఆయన ఈ ఫోరమ్ చదవడు గానీ.

వచ్చే ఆదివారం కాదు, ఆపై ఆదివారం. రావాలనుకున్నవాళ్ళు ఇక్కడే రాయండి.


గట్టు_మీద | శనివారం, రాత్రి 9:02

నేను వస్తాను. పరంగిమల కింద 5:40కి ఉంటా.


52_పళ్ళ_చక్రం | శనివారం, రాత్రి 9:15

నేనూ. గట్టు దాకా మీతో, తర్వాత నా దారి రింగ్ రోడ్డు.


పంక్చర్_పంతులు | శనివారం, రాత్రి 9:30

వెనక ఎర్ర లైటు లేనివాళ్ళని అడయార్ దాటనివ్వను. లైటు ఉంటే సరిపోదు, ముందురోజు రాత్రే ఛార్జింగ్ పెట్టండి. క్రితంసారి ఒకాయన లైటు తెచ్చాడు, వైరు ఇంట్లో వదిలేశాడు.